నాన్నగారు ఇక్కడుండే నెలల్లో ఏ చేప వస్తుంది?

ప్రశ్న: సియాటెల్ పక్కన బోథెల్‌లో ఉంటున్న 41 ఏళ్ల పాఠకుడు ఒకరు పొడవాటి ఉత్తరం రాశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, పదేళ్ల కొడుకు. సొంతూరు కోనసీమలో, వశిష్ఠ గోదావరి గట్టున. అమ్మగారు కిందటేడు పోయారు. అప్పటినుంచి 69 ఏళ్ల నాన్నగారు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నారట. ‘తిన్నావా, పిల్లాడు స్కూలుకెళ్లాడా’ దగ్గరే మాట ఆగిపోతోంది. చేపల ఊసు ఎత్తితే మాత్రం గొంతులో హుషారు వస్తుంది. ఆయన 2027 జూన్ మొదటి వారంలో ఇక్కడికి వచ్చి నవంబరు మధ్యలో తిరిగి వెళ్తారు. ఈలోగా ఆయన్ని సాల్మన్, స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లి నదికి తిరిగొచ్చే ఒక రకం ట్రౌట్) వేటకు తీసుకెళ్లాలని కొడుకు కోరిక. చేతిలో ఉన్న సెలవు ఎనిమిది రోజులు.

సలహాలిచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. ఒక స్నేహితుడు జూలైలో అలాస్కా అంటున్నాడు. ఇంకో ముగ్గురు ‘అసలు చేపంటే స్టీల్‌హెడ్డే. ఫిబ్రవరిలో ఫోర్క్స్ వెళ్దాం, మీ నాన్న వీసా గడువు పొడిగించు’ అంటున్నారు. భార్య మాత్రం ‘మోకాలి ఆపరేషన్ అయిన మావయ్యగారిని ఆ చన్నీళ్లలోకి దింపుతారా? రేపు ఏమన్నా అయితే ఎవరు చూసుకోవాలి?’ అని గట్టిగా అడిగారు. కిందటి అక్టోబరు చివర్లో ఈ పాఠకుడు స్నేహితులతో ఒక నదికి వెళ్తే మూడు రోజులూ వాన, నదంతా బురద, ఒక్క చేపా పడలేదు, క్యాబిన్ డబ్బులు పోయాయి. ఆ సంగతి చెబితే నాన్నగారు ‘చేప వచ్చే రోజులు కనుక్కోకుండా టిక్కెట్లు కొనుక్కుంటారేంట్రా?’ అన్నారట.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి, ఒకే ట్రిప్పులో రెండు చేపలూ దొరుకుతాయా, నాన్నగారిని ఇంకో మూడు నెలలు ఉంచేయాలా అన్నవి ఆయన ప్రశ్నలు. చివర్లో ఇంకో వాక్యం రాశారు: ‘ఈ ట్రిప్పు కూడా పాడైతే ఆయనతో మాట్లాడటానికి నా దగ్గర ఇంకేమీ మిగలదు.’

జవాబు: మీరు చివర్లో రాసిన ఆ వాక్యం దగ్గరే మొదలుపెడతాను. ఒక్క ట్రిప్పు మీద అంత బరువు పెడితే వాన పడినా టెన్షనే, చేప పడకపోయినా టెన్షనే. పక్కన కూర్చున్న నాన్నగారికి అది తెలియకుండా ఉండదు. పైగా ఈ చేపలు ఒక్కసారిగా వచ్చి వెళ్లిపోయేవి కావు. మీ ప్రాంతంలో జూన్ నుంచి నవంబరు దాకా ఒక రకం వెనక ఇంకో రకం వస్తూనే ఉంటుంది. కాబట్టి ఎనిమిది రోజుల సెలవునూ ఒకే వారంలో కుమ్మరించాల్సిన అవసరం లేదు. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే. మిగతాదంతా ఈ ఆరు నెలలను ఎలా వాడుకోవాలన్న వివరం.

ముందు వీసా మాట. వాషింగ్టన్ రాష్ట్రం పడమటి కొసన ఉన్న ఫోర్క్స్ వైపు హో, సోల్ డక్, బోగచీల్ నదుల్లోకి సహజంగా పుట్టి పెరిగిన స్టీల్‌హెడ్ ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ ఊళ్లో ఏడాదికి 100 అంగుళాలకు పైగా వాన పడుతుంది. ఈ మధ్య సీజన్లలో ఆ తీరపు నదుల్లో చాలాచోట్ల పడవలోంచి గాలం వేయడాన్ని నిషేధించారు. పడవలో ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్లొచ్చు, గాలం వేయాలంటే మాత్రం దిగి, పాకుడు పట్టిన గుండ్రాళ్ల మీద నిలబడాలి. మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి అది తగదు. మీ ఆవిడ సరిగ్గానే పసిగట్టారు. ఆ నదుల్లో సహజ స్టీల్‌హెడ్ పడితే నీళ్లలోంచి పైకెత్తకుండానే వదిలేయాలి. ఇంత చేసీ, రోజంతా విసిరినా ఒక్కటి కూడా తగలకపోవడం అక్కడ మామూలే. దాన్ని వెయ్యిసార్లు విసిరితే దొరికే చేప అనడం అక్కడి వేటగాళ్లకు అలవాటు.

ఇక గడువు పొడిగింపుకి దరఖాస్తు, ఫీజు, మళ్లీ హెల్త్ ఇన్సూరెన్స్, టిక్కెట్ మార్పు ఉన్నాయి. అన్నిటికీ మించి, అలవాటైన ఊరికి, ఇంటికి దూరంగా సియాటెల్ చలికాలంలో నాలుగింటికే చీకటిపడే రోజులు. అమ్మగారు పోయిన దిగులు ఇంకా తీరని మనిషిని ఆ చీకటి రోజుల్లో ఒక చేప కోసం కూర్చోబెట్టడం నాకు మంచిదనిపించదు. ఆయనే ఉంటానంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా కారణం మీరూ మనవడూ కావాలి, స్టీల్‌హెడ్ కాకూడదు.

ఇప్పుడు అలాస్కా. మీ స్నేహితుడు చెప్పినది తప్పేం కాదు. కెనాయ్ నదిలోకి సాకై సాల్మన్ రెండో విడత జూలై మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం దాకా వస్తుంది. వచ్చినప్పుడు లక్షల్లో వస్తుంది. ఆ చేపను ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడి పట్టుకోవచ్చు, ఫ్రీజర్ నింపుకోవచ్చు. అయితే ఆ రోజుల్లో మంచిచోట్ల జనం భుజానికి భుజం ఆనించి నిలబడతారు. బసలు నెలల ముందే నిండిపోతాయి. నలుగురికి విమానం, బస, కారు, లైసెన్సులు కలిపితే ఖర్చు బాగా అవుతుంది, మీ సెలవు మొత్తం అక్కడే అయిపోతుంది. అక్కడ అదే వారంలో స్టీల్‌హెడ్ కూడా దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాస్కాలో పేరున్న స్టీల్‌హెడ్ నది యాకుటాట్ దగ్గర సిటుక్, అక్కడ పెద్ద రాక వసంతంలో, ఏప్రిల్-మే నెలల్లో. ‘ఒక్కసారైనా అలాస్కా చూడాలి’ అన్న మాట నాన్నగారి నోట వస్తే వెళ్లండి. అది మీ స్నేహితుడి కోరికే అయితే, ఆ స్నేహితుణ్ని ఇంకో ఏడాది మీతో రమ్మనండి.

నేనైతే ఈ లెక్కన చూస్తాను. 2027 బేసి సంవత్సరం. మీకది అదృష్టం. పింక్ సాల్మన్ కచ్చితంగా రెండేళ్ల జీవితం ఉన్న చేప. ప్యూజెట్ సౌండ్ (సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ) నదుల్లోకి అది గుంపులుగా వచ్చేది బేసి సంవత్సరాల్లోనే. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా ఉప్పునీటిలో ఒడ్డు వెంబడే వెళ్తుంటుంది, ఆ తర్వాత స్నోహోమిష్, పుయాలప్ లాంటి నదుల్లోకి ఎక్కుతుంది. ఒక్కోటి కిలోన్నర, రెండు కిలోలు తూగుతుంది. పడవ అక్కర్లేదు, నీళ్లలో దిగక్కర్లేదు. ఎడ్మండ్స్‌లో చేపల వేట కోసమే సముద్రంలోకి వంతెనలా కట్టిన పియర్ మీ ఇంటికి అరగంట దూరంలో ఉంది. రెయిలింగ్ ఉంటుంది, కాళ్లు నొప్పెడితే కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. చిన్న గులాబీ రంగు లూరు (ఉత్తుత్తి ఎర), ముల్లు నొక్కేసిన కొక్కెం చాలు. ఒకటి మాత్రం మరిచిపోకండి: చేప పడ్డాక పియర్ మీదికి లాగడానికి తాడు కట్టి కిందికి దించే వల కావాలి. అది లేక, గాలానికి తగిలిన చేపను గాల్లో వేలాడదీసి పోగొట్టుకునేవాళ్లు అక్కడ రోజూ కనిపిస్తారు.

తెల్లవారుజామున, పోటు-పాటు మారే వేళకు అక్కడ ఉండండి. ఆ లెక్క మీకంటే నాన్నగారికే బాగా తెలుసు. గోదారి గట్టున పెరిగినవాడికి నీరు ఎప్పుడు తిరుగుతుందో మీరు నేర్పనక్కర్లేదు, పోటు-పాటుల టైమ్ టేబుల్ ఆయన చేతికిచ్చి ‘ఎన్నింటికి బయల్దేరదాం?’ అని అడగండి. శనాదివారాల్లో వెళ్తే జనం ఉంటారు, సెలవు రోజు దండగ కాదు. మంగళవారమో బుధవారమో ఒక్కరోజు సెలవు పెట్టి వెళ్తే జనం తక్కువ. మీ అబ్బాయికి స్కూళ్లు తెరవకముందే ఇది జరిగిపోతుంది. పదేళ్ల పిల్లాడు తాతయ్యతో కలిసి చేప పట్టగలిగే అవకాశం మీరు రాసిన పథకాల్లో ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

దీనివల్ల నష్టం కూడా చెప్పాలి. పింక్ మాంసం మెత్తన. పట్టిన వెంటనే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి ఐసులో పెట్టకపోతే సాయంత్రానికి పిండిలా అయిపోతుంది. మీ స్నేహితులు దాన్ని చేప కింద లెక్కవేయరు. వాళ్ల మాట పట్టించుకోవద్దు.

రుచి మాట వచ్చింది కాబట్టి నాన్నగారికి ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని నమ్మే ఊరి మనిషి ఆయన. పులస సముద్రం వదిలి ఎర్రనీటికి ఎదురీది గోదావరిలో పైకి వచ్చేకొద్దీ రుచి పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది. సాల్మన్ సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. సముద్రంలో ఉన్నప్పుడు వెండిలా మెరుస్తూ కొవ్వుతో ఉంటుంది. నదిలోకి ఎక్కాక తిండి మానేస్తుంది, ఒంట్లో ఉన్న కొవ్వు ఖర్చు చేసుకుంటూ పైకి పోతుంది. రంగు మారుతుంది, మగచేప దవడ వంకర తిరుగుతుంది, మాంసం పాలిపోతుంది. అందుకని వండుకోవాలనుకుంటే సముద్రానికి దగ్గర్లో పట్టాలి. ‘ఎంత పైకి వెళ్తే అంత మంచి చేప’ అన్న లెక్కతో ఆయన మిమ్మల్ని కొండల్లోకి నడిపించే ప్రమాదం ఉంది. ఇదే విషయం మీద మీరిద్దరూ ఒక పూటంతా మాట్లాడుకోవచ్చు.

రెండో విడత కోహో సాల్మన్. సెప్టెంబరు, అక్టోబరు నెలలు దానివి. పులుసులో ముక్క విడిపోకుండా నిలబడేది కూడా ఇదే. ఇక్కడే మీ ‘ఒకే ట్రిప్పులో రెండూ’ ప్రశ్నకి కొంత జవాబు ఉంది. మీకు దక్షిణంగా రెండు గంటలకు పైగా డ్రైవ్ చేస్తే కౌలిట్జ్ నది. అక్కడ పెద్ద హ్యాచరీలు (చేపపిల్లల్ని పెంచి నదిలో వదిలే కేంద్రాలు) ఉన్నాయి. అక్టోబరు మొదట్లో కోహో పైకి వస్తూ ఉంటుంది, వేసవిలో వచ్చిన హ్యాచరీ స్టీల్‌హెడ్‌లు కొన్ని అప్పటికీ నదిలోనే ఉంటాయి. రెండూ తగిలే అవకాశం ఉంది, హామీ లేదు. నాకు ఈ నది నచ్చడానికి కారణం వేరే. ఎగువన డ్యాములుండటం వల్ల నీటి విడుదల అదుపులో ఉంటుంది. కిందటేడు మీరు చూసినట్టు ఒక వానకే నది మొత్తం కాఫీ రంగులోకి మారడం డ్యాముకి దగ్గరి భాగంలో తక్కువ. గైడ్‌ని మాట్లాడుకుంటే నాన్నగారు పడవలో సీటు మీద కూర్చునే వేట చేయవచ్చు. బుక్ చేసేముందు ‘మా నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది, పడవలోకి ఎక్కడం దిగడం ఎలా?’ అని అడగండి. ఆ ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్పని గైడ్‌ని వదిలేయండి.

స్టీల్‌హెడ్డే ముఖ్యం, సాల్మన్ లేకపోయినా ఫర్వాలేదు అనుకుంటే అక్టోబరులోనే ఇంకో దారి ఉంది. ఐడహోలో లూయిస్టన్ ఊరు, క్లియర్‌వాటర్ నది. కారులో అయిదారు గంటల ప్రయాణం. కొలంబియా, స్నేక్ నదుల మీదుగా ఎదురీది వచ్చే పెద్ద సైజు స్టీల్‌హెడ్‌కి ఆ నది పేరుపొందింది. వాన తక్కువ ప్రాంతం కూడా. నెజ్ పెర్స్ తెగవాళ్లు పూనుకుని మళ్లీ తెచ్చిన కోహో కూడా అక్కడ ఉంది. అయితే దీనికి మూడు నాలుగు రోజుల సెలవు పోతుంది, దూరప్రయాణం మోకాలికి ఇబ్బంది, పిల్లాడికి స్కూలు ఉంటుంది. వెళ్తే మీరూ నాన్నగారూ ఇద్దరే వెళ్లాలి. కారులో అన్ని గంటలు ఇద్దరే కూర్చోవడం మీకిప్పుడు కష్టంగా అనిపిస్తుందా, హాయిగా అనిపిస్తుందా అన్నది మీరే తేల్చుకోవాలి. ఆగస్టులో పియర్ మీద రెండు మూడు పొద్దులు గడిపాక నిర్ణయించుకోండి.

ఏ చేప ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడం ఈ దేశంలో మనం అనుకున్నదానికంటే తేలిక. కొలంబియా నది మీద, సముద్రానికి సుమారు 145 మైళ్ల పైన ఉన్న బోనవిల్ డ్యామ్ దగ్గర, చేపలు డ్యామ్ దాటడానికి కట్టిన మెట్లెక్కే ప్రతి రకాన్నీ లెక్కపెట్టి ఏ రోజుకారోజు బయటపెడతారు. ఐడహో వైపు వెళ్లేవాటికి లోయర్ గ్రానైట్ డ్యామ్ లెక్క చూడాలి. ఈ రోజు అంకె పక్కనే పదేళ్ల సగటు ఉంటుంది. రాక ముందుగా ఉందా, ఆలస్యమా, పలచగా ఉందా అన్నది అందులో తెలిసిపోతుంది. నదుల నీటిమట్టం యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూవిజ్ఞాన సర్వే సంస్థ) గేజ్‌లలో గంటగంటకీ కనిపిస్తుంది. వాన వెలిశాక గీత కిందికి దిగుతూ, నీరు బురద రంగు వదిలి పచ్చగా తేరుకుంటున్న రెండు మూడు రోజులే చేపకి మంచి రోజులు. హో నది హిమానీనదాల నీరు కాబట్టి తేరుకోవడానికి ఆలస్యం, సోల్ డక్ త్వరగా తేరుకుంటుంది. కిందటేడు మీకు జరిగిన నష్టానికి కారణం దురదృష్టం కాదు, తేదీని ముందే ఖాయం చేసుకుని నదిని చూడకపోవడం. క్యాబిన్ రద్దు చేసుకోగలిగేదై ఉంటే మీరు వారం ఆగి వెళ్లేవాళ్లు.

ఈ డ్యామ్ లెక్కల సంగతి ఈ ఏడాదే నాన్నగారికి చెప్పండి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ‘బోనవిల్ దగ్గర ఈ వారం ఇన్ని ఎక్కాయి నాన్నా, అక్కడ ధవళేశ్వరం దగ్గర నీళ్లెలా ఉన్నాయి?’ అని అడగండి. ఉత్తరంలో మీరు ‘మాట్లాడటానికి ఏమీ లేదు’ అన్నారు. ఆయన మాత్రం మీ ట్రిప్పు పాడైనప్పుడు అసలు కిటుకేంటో ఒక్క మాటలో చెప్పేశారు. అది వెటకారం అని మీరు బాధపడినట్టున్నారు. నాకది చాలారోజుల తర్వాత ఆయన మీకు ఏదో నేర్పబోయినట్టు వినిపించింది.

నిబంధనల విషయంలో అశ్రద్ధ వద్దు. వాషింగ్టన్‌లో విజిటర్‌గా వచ్చినవాళ్లు నాన్ రెసిడెంట్ లైసెన్సు తీసుకోవాలి, ఒకటి నుంచి మూడు రోజుల తాత్కాలిక లైసెన్సులు దొరుకుతాయి. 15 ఏళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు, పట్టిన సాల్మన్ రాసుకునే క్యాచ్ కార్డు మాత్రం ఉండాలి. మనవాళ్లకు ఒక అలవాటుంది, చేప తగలగానే ‘ఒక్కసారి పట్టుకో నాన్నా, ఫొటో తీస్తా’ అని రాడ్ చేతికిచ్చేస్తారు. లైసెన్సు లేకుండా ఆ పని చేయించకండి. విజిటర్ వీసా మీద ఉన్న పెద్దాయన్ని అధికారి ముందు నిలబెట్టే పరిస్థితి రాకూడదు.

ఏ చేప ఉంచుకోవచ్చో కూడా నేర్చుకుని వెళ్లండి. పింక్‌కి తోక నిండా పెద్ద కోలమచ్చలుంటాయి, పొలుసు బాగా చిన్నది. కోహో, స్టీల్‌హెడ్ విషయంలో చాలాచోట్ల హ్యాచరీ చేపనే ఉంచుకోనిస్తారు. వీపు రెక్కకీ తోకకీ మధ్యలో వేలిగోరంత కండరెక్క ఒకటి ఉంటుంది. హ్యాచరీలో పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరిస్తారు. ఆ చోట వేలితో తడిమితే నున్నగా మానిన మచ్చ తగిలితే ఉంచుకోవచ్చు, రెక్క ఉంటే వదిలేయాలి. ప్యూజెట్ సౌండ్ షినూక్ సాల్మన్‌ని 1999లో, అక్కడి స్టీల్‌హెడ్‌ని 2007లో ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చారు. ‘పడిన చేపని మళ్లీ నీళ్లలో వదిలేయడమేంటి?’ అని నాన్నగారు నొచ్చుకోవచ్చు. నది దగ్గర వాదించకుండా ఇంట్లోనే చెప్పండి. పులస ఏటేటా ఎలా తగ్గిపోతోందో కళ్లారా చూసినవాడికి అర్థం కాకుండా పోదు.

నదిలో స్థానిక తెగలవాళ్ల వలలు కనిపిస్తే మీ స్నేహితుల్లో ఎవరో ఒకరు సణుగుతారు. 1850ల నాటి ఒప్పందాల్లో ఆ హక్కు వాళ్లు అట్టిపెట్టుకున్నారు, పట్టుకోదగిన చేపలో సగం దాకా వాళ్ల వాటా అని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు చెప్పారు. ఆ నదుల్లో చేప ఇంకా మిగిలి ఉండటంలో వాళ్ల పాత్ర పెద్దది. పిల్లాడి ముందు ఆ సణుగుడు సాగనివ్వకండి.

వేట లేని రోజులకు కూడా రెండు చోట్లు చెబుతాను. సియాటెల్‌లో పడవల్ని దాటించే నీటి గేట్లు, బాలర్డ్ లాక్స్ దగ్గర నీటి అడుగున అద్దాల గది ఉంది. జూలైలో సాకై, ఆగస్టు చివర్లో షినూక్, సెప్టెంబరు చివర్లో కోహో అద్దానికి అవతల మెట్లెక్కుతూ కనిపిస్తాయి. టిక్కెట్ లేదు. నాన్నగారు వచ్చి జెట్‌లాగ్ తీరాక జూలైలో మొదట అక్కడికే తీసుకెళ్లండి. రెండోది అక్టోబరులో ఇసాక్వా హ్యాచరీ. మొదటి శనాదివారాల్లో అక్కడ సాల్మన్ డేస్ ఉత్సవం, విపరీతమైన రద్దీ. ఆ తర్వాతి వారం మామూలు రోజున వెళ్తే నెమ్మదిగా చూడొచ్చు.

మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు ‘ఏం కాదులే’ అనకండి. నీళ్లలో దిగేది లేదు, పియర్ లేదా సీటున్న పడవ, లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఏ ఆసుపత్రి ఎంత దూరం అన్నది రాసి చూపించండి. తేదీల్లో ఒకటి రెండు ఆవిడనే ఎంచమనండి. స్నేహితులకు 2027 సీజన్ నాన్నగారితో గడుపుతానని చెప్పేయండి. 2028 ఫిబ్రవరిలో మీరొక్కరే వాళ్లతో ఫోర్క్స్ వెళ్లొచ్చు, స్టీల్‌హెడ్ కోరిక మీది కాబట్టి ఆ తడిసి ముద్దవడం కూడా మీరే పడండి. దానికి రెండు రోజుల సెలవు కావాలంటే ఇప్పటి ఎనిమిదిలోంచి తియ్యకండి.

పనుల వరస ఇది. వాషింగ్టన్ సాల్మన్ సీజన్లను రాష్ట్రమూ తెగలూ కలిసి ఏటా ఏప్రిల్ మధ్యకల్లా ఖరారు చేస్తాయి. కొత్త నిబంధనల పుస్తకం జూలై 1 నుంచి అమల్లోకి వస్తుంది. ఆ తర్వాత కూడా చేప తక్కువొస్తే రాత్రికి రాత్రే నది మూసేస్తారు, కాబట్టి బయల్దేరేముందు ఫిష్ వాషింగ్టన్ యాప్‌లో అత్యవసర నిబంధనలు చూడాలి. ఏప్రిల్ దాకా డబ్బు తిరిగిరాని బుకింగ్ ఏదీ చేయకండి. అక్టోబరు గైడ్‌తో మాత్రం జనవరిలోనే మాట్లాడండి, నది మూస్తే అడ్వాన్స్ సంగతేంటో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.